త్వరితవాక్కు – తెలుగు శ్రోత

మనుష్యుని వాక్కునకు సహజమైన వేగమొకటి కలదు. యంత్రసాహాయ్యముచే ఆ వేగమును పెంచినయెడల శ్రోత యెంతవఱకు గ్రహింపగలడను ప్రశ్న మొదట ధ్వనిశాస్త్రజ్ఞులది, పిమ్మట వైద్యులది. నేడది ఉపాధ్యాయులది కూడ నైనది.

అనకాపల్లి జిల్లా రోలుగుంటలో ఒక విద్యార్థి యింట మేము కూర్చుండియుండగా, అతడు సెల్‌ఫోనులో తెలుగు వ్యాకరణపాఠమును రెట్టింపు వేగమున వినుచుండెను. ప్రక్కనున్న అతని నాయనమ్మ “ఏటిరా బాబూ, ఆ పంతులికేటంత తొందర?” అని యడిగినది. “నాకు తెలుస్తంది మామ్మా” అని యతడు నవ్వెను. ఆ పాఠము మనుమనికి బోధపడినది, అవ్వకు బోధపడలేదు. ఈ భేదమునకు గల కారణములను విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

1. వేగము పెంచు విధానము

నిమిషమునకు ముప్పదిమూడు చుట్లు తిరుగవలసిన గ్రామఫోను పలకను డెబ్బదియెనిమిది చుట్ల వేగమున త్రిప్పినచో మాట వేగిరపడుటయే కాక, శ్రుతి పెరిగి పిట్టకూతవలె వినబడును. ఇట్టి ధ్వనిని బట్టి వేగముయొక్క ఫలితమును నిర్ణయింపరాదు. శ్రుతిని మార్పక కాలమును మాత్రమే కుదింపవలెను. అందుకు గార్వీ అను శాస్త్రజ్ఞుడు 1953లో ధ్వనిముద్రణపు టేపును చిన్న చిన్న తునకలుగా కోసి, నడుమనడుమ కొన్నిటిని తీసివైచి, మిగిలినవానిని అతికించి చూచెను. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఫెయిర్‌బాంక్స్ ప్రభృతులు ఈ పనిని యంత్రముచే చేయించిరి. తునకలు మిక్కిలి చిన్నవగుటచే ఏ వర్ణమును పూర్తిగా లోపింపదు. ప్రతివర్ణమును కొంతకొంత తఱుగును. 1993లో వెర్‌హెల్స్ట్, రూలాండ్స్ అనువారు ప్రకటించిన పద్ధతిలో తునకలు ఒకదానిపై నొకటి తరంగసామ్యమును బట్టి పొందుపడును గాన, అతుకులు చెవికి తెలియవు.

2. గ్రహణమునకు హద్దు

ఫెయిర్‌బాంక్స్, గట్మన్, మిరన్ అనువారు 1957లో నిమిషమునకు 141 మాటల వేగముగల ఆంగ్లోపన్యాసములను కుదించి వినిపించిరి. వేగము రెట్టింపై 282 మాటలగు వఱకు గ్రహణము కొలదిగా మాత్రమే తగ్గినది. ఆపైన త్వరగా క్షీణించినది. 1969లో ఫౌల్కీ, స్టిక్ట్ అనువారు అప్పటివఱకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఆ హద్దు సుమారు 275 మాటల వద్ద నున్నదని తేల్చిరి.

ఈ సంఖ్యలను తెలుగునకు యథాతథముగా అన్వయింపరాదు. “వెళ్ళవలసివచ్చినదట” అనునది మనకొక మాట. ఆంగ్లమున దాని యర్థమును చెప్పుటకు అనేకపదములు కావలెను. కావున మన భాషలో వేగమును మాటలతో గాక అక్షరములతోనో, మాత్రలతోనో కొలుచుట యుక్తము.

గ్రహణము తగ్గుటకు వర్ణములు చెవికి తెలియకుండుటయే కారణమా? గిట్జా, గ్రీన్‌బర్గ్ అనువారు 2009లో జరిపిన ప్రయోగము దీనికి సమాధానము చెప్పుచున్నది. వారు వాక్కును మూడవ వంతునకు కుదించిరి. శ్రోతలు మిక్కిలిగా తప్పిరి. పిమ్మట ఆ కుదించిన ధ్వని తునకల నడుమ నిశ్శబ్దములను చొప్పించిరి, తప్పులు తగ్గినవి. నిశ్శబ్దములతో కలిపి మొత్తము కాలము మొదటి కాలమునకు సమానమైనపుడు ఫలితము అత్యుత్తమముగా నుండెను. కుదించిన ధ్వనిలో సమాచారము మిగిలియే యున్నది. దానిని విడదీసికొనుటకు మనస్సునకు వ్యవధి చాలకపోయినదన్నమాట.

3. మాత్రల విషయము

తెలుగున “పడు–పాడు”, “గడి–గడ్డి” అను జంటలలో అర్థభేదము కాలభేదముపై నిలిచియున్నది. కన్నడమునను హ్రస్వదీర్ఘములకును ద్విత్వమునకును ఇట్టి ప్రాధాన్యమే కలదు. సౌలభ్యముకొఱకు హ్రస్వమునకు సెకనులో 80 సహస్రాంశములు, దీర్ఘమునకు 160 అనుకొందము. వేగము రెట్టింపైనచో హ్రస్వము 40, దీర్ఘము 80 అగును. అనగా కుదించిన దీర్ఘము సహజవాక్కులోని హ్రస్వమంతయే యగును. అయినను శ్రోత ప్రతిచోటను పొరబడడు. వాక్యములోని యితరాక్షరములను బట్టి అతడు కొలబద్దనే మార్చుకొనును. నిష్పత్తి చెడనంతవఱకు గురులఘుభేదము నిలుచును. విడిమాటలకు ఈ యాధారము లేదు. కావున పదములపట్టికను చదివించు పాఠమునందు పొరపాటున కెక్కువ అవకాశము.

2007లో లలితామూర్తి, ఒటాకె, కట్లర్ అనువారు తెలుగు శ్రోతలను పరీక్షించి, వారు వాక్కును జపానీయులవలెనే మాత్రానుసారముగా విభజించుకొందురని తెలిపిరి. మన ఛందశ్శాస్త్రకారులు మాత్రను కొలమానముగా గ్రహించుట కేవలము పద్యమునకై కల్పించిన యేర్పాటు కాదనుటకు ఇదియొక బలము.

ఇచట నొక భ్రాంతిని తొలగింపవలెను. నోటితో వడివడిగా మాటలాడుటయు యంత్రముతో కుదించుటయు నొకటి కాదు. “వెళ్ళిపోయినాడు” అనునది తొందరలో “ఎల్పోయాడు” అగును, అక్షరములే పోవును. యంత్రము అన్నిటిని సమముగా తగ్గించును. నెదర్లండ్సు దేశమున యాన్సె జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, సహజముగా త్వరపడిన వాక్కుకంటె యంత్రముచే కుదించిన వాక్కే సులభగ్రాహ్యమైనది.

4. అలవాటు

ద్యుపూ, గ్రీన్ అనువారు 1997లో చూపినట్లు, క్రొత్త శ్రోతయు పది పదునైదు వాక్యముల లోపలనే కుదించిన వాక్కునకు కొంత అలవాటుపడును. దీర్ఘకాలాభ్యాసముచే నేమి సాధ్యమో అంధులు చూపుచున్నారు. తెరపై నున్న వ్రాతను యంత్రముచే చదివించుకొను అంధులలో కొందఱు సెకనుకు 22 అక్షరముల వఱకు గ్రహింతురని జర్మనీ పరిశోధకులు కనుగొనిరి. అభ్యాసము లేనివారికి ఎనిమిది పది అక్షరములే కష్టము. రోలుగుంట విద్యార్థికిని అతని నాయనమ్మకును గల భేదములో వయస్సునకు పాలుండవచ్చును. అభ్యాసము, విషయపరిచయము, పాఠమున వినబడు శిష్టభాష తన యింటి పలుకుబడికి దూరమగుట అనువానిని కూడ మఱువరాదు.

5. పాఠములకు వర్తించు తీరు

కాలిఫోర్నియాలో మర్ఫీ ప్రభృతులు 2021లో ప్రకటించిన పరిశోధనలో ఉపన్యాసములను రెట్టింపు వేగమున విన్నవారికి నష్టము స్వల్పము. రెండున్నర రెట్ల వద్ద నష్టము స్పష్టము. అయితే వారి శ్రోతలు విశ్వవిద్యాలయ విద్యార్థులు. మొదటిసారి కళాశాలకు వచ్చిన గ్రామవిద్యార్థికి శిష్టభాషయే సగము క్రొత్త. అతడు స్నేహితుని చూచి వేగము పెంచి, బోధపడనపుడు తన బుద్ధినే నిందించుకొనును. తప్పు బుద్ధిది కాదనియు, కొలబద్దదనియు చెప్పవలసిన బాధ్యత మనయందున్నది. విన్నపాఠమును మరల వినుటకు వేగము మేలు. క్రొత్తపాఠమునకును, పద్యమునకును, విడిపదములకును సహజవేగమే మేలు. ధ్వనిముద్రణ చేయు ఉపాధ్యాయుడు వాక్యాంతవిరామములను కోసివేయరాదు. గ్రహణము జరుగుట కవియే తావులు.

ప్రాతిశాఖ్య సంప్రదాయమున వృత్తులు మూడు: అభ్యాసమునకు ద్రుతము, ప్రయోగమునకు మధ్యమము, శిష్యోపదేశమునకు విలంబితము. చదివినదానిని నెమరువేయుటకు ఒక వేగము, క్రొత్తగా నేర్పుటకు వేఱొక వేగము అను వివేకమును ఆ పూర్వులు గుర్తించిరి. తెలుగున మాత్రలతో కొలిచిన గ్రహణపు హద్దు ఎంత, కన్నడమున పొందిన అలవాటు తెలుగునకు ఎంత ఉపకరించును అను రెండు ప్రశ్నలను మా పరిశోధక విద్యార్థుల యెదుట నుంచుచున్నాము. ఈ పనికి గొప్ప యంత్రశాల అక్కఱలేదు. ఒక సెల్‌ఫోను, జాగ్రత్తగా ఎన్నిన వాక్యములు, రోలుగుంట వంటి యూరిలో ఓపికతో విను నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలు ఉన్నచో పని మొదలుపెట్టవచ్చును.