వెన్నుపాము గాయంలో పడక పుండ్ల నివారణ

పడక పుండ్లు అనగా శరీరంలో ఒకేచోట ఎడతెగని ఒత్తిడి పడుట వలన చర్మము, దాని క్రింది కండ నశించి ఏర్పడే పుండ్లు. వీటిని మంచం పుండ్లు, ఒత్తిడి పుండ్లు అని కూడా అంటారు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇవి జీవితాంతం పొంచి ఉండే ప్రమాదం. అయితే వీటిలో ఎక్కువ భాగం ఇంటివద్దనే నివారించదగినవి.

గోదావరి డెల్టాలో

కొవ్వూరు పరిసర గ్రామాలలో తాటిచెట్టు పైనుండి పడిన కల్లుగీత కార్మికులు, కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు ఈ గాయానికి గురి అవుతుంటారు. రోడ్డు ప్రమాదాలు మరొక ముఖ్య కారణం. ఆసుపత్రిలో ఉన్నంతకాలం నర్సులు చూచుకొంటారు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ బాధ్యత భార్యపైనో, తల్లిపైనో పడుతుంది. వారికి ఎవరూ విడమరచి చెప్పకపోవడం వలననే చాలా పుండ్లు మొదలవుతాయి.

ఎలా ఏర్పడతాయి

ఆరోగ్యవంతుడు నిద్రలో సైతం అనేకసార్లు ఒత్తిగిలుతాడు. ఒకచోట ఒత్తిడి ఎక్కువైతే నరాలు మెదడుకు తెలుపుతాయి, శరీరం దానంతట అదే కదులుతుంది. వెన్నుపాము తెగినచో ఆ వార్త మెదడుకు చేరదు, చేరినా కదలిక ఉండదు. ఎముకకు, పరుపుకు మధ్య నలిగిన సన్నని రక్తనాళాలు మూసుకొనిపోయి, రక్తం అందక కండ చచ్చిపోతుంది. చర్మం కన్నా కండ ముందుగా దెబ్బతింటుంది. కనుక పైకి రూపాయి బిళ్ళంత కనబడే పుండు లోపల చాలా పెద్దదై ఉండవచ్చు. రోగిని పక్కమీద ఈడ్చునపుడు కలిగే రాపిడి, చెమట, మూత్రపు తడి ఈ నష్టాన్ని త్వరితం చేస్తాయి.

పడుకొన్నవారికి నడుము క్రింది త్రికాస్థి, మడమలు, తుంటి పక్క ఎముక వద్దను, కూర్చున్నవారికి పిరుదుల ఎముకల వద్దను ఇవి ఎక్కువ.

నివారణ

పడుకొన్న రోగిని సాధారణంగా రెండు గంటలకు ఒకసారి, రాత్రివేళ కూడా, పక్క మార్చాలి. చర్మపు స్థితిని బట్టి ఈ వ్యవధిని వైద్యులు పెంచవచ్చు లేదా తగ్గించవచ్చు. పూర్తిగా పక్కకు తిప్పినచో బరువంతా తుంటి ఎముకపై పడుతుంది. కనుక వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు మాత్రమే ఒరిగించడం మంచిది. పిక్కల క్రింద దిండు ఉంచి మడమలు గాలిలో తేలేటట్లు చూడాలి. జరుపునపుడు ఈడ్వరాదు, దుప్పటితో ఇద్దరు ఎత్తాలి. నులక మంచం, ముడతలు పడిన దుప్పటి, జేబులో మరచిన తాళంచెవి వంటివి కూడా పుండుకు కారణం కాగలవు.

చక్రాల కుర్చీలో కూర్చున్నవారు 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి ముందుకు గాని పక్కకు గాని వంగి, ఒకటి రెండు నిమిషాలు ఆ స్థితిలో ఉండాలి. చేతులపై ఒక్కక్షణం పైకి లేచి కూర్చుంటే చాలదు. రక్తం తిరిగి ప్రవహించడానికి వ్యవధి కావాలి. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రని గాలి దిండు వాడకూడదు. అది చుట్టూ ఉన్న కండను నొక్కివేస్తుంది. మోటారుతో పనిచేసే గాలి పరుపు ఉపయోగకరమే కాని పక్క మార్చే పనిని అది తప్పించదు. పైగా మన ఊళ్ళలో కరెంటు పోయినపుడు అది పనిచేస్తున్నదో లేదో చూచుకోవాలి.

ఉదయం, సాయంత్రం చర్మాన్ని పరీక్షించాలి. రోగి చేతి అద్దంతో స్వయంగా చూచుకోవచ్చు. పుస్తకాలలో ఎర్రని మచ్చ కనబడుతుందని వ్రాస్తారు గాని, మన చామనఛాయ చర్మంపై ఎరుపు సులభంగా తెలియదు. చేతితో తాకి వేడిగా, గట్టిగా లేక మెత్తగా ఉన్నదేమో పోల్చుకోవాలి. అటువంటి చోట మర్దన చేయరాదు. అది మామూలుగా అయ్యేవరకు ఆ భాగంపై బరువు వేయకూడదు. చర్మం చిట్లినా, నల్లబడినా, దుర్వాసన లేక జ్వరం వచ్చినా వెంటనే వైద్యునికి చూపాలి. స్పర్శ లేనిచోట వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుట మరొక ప్రమాదం, కాలినా తెలియదు.

ఆహారం

పప్పు, గుడ్డు తింటే పుండు చీము పడుతుందని పథ్యం పెట్టడం మన ప్రాంతంలో వాడుక. ఇది మేలుకు బదులు కీడు చేస్తుంది. పుండు మానడానికి మాంసకృత్తులు తప్పనిసరి. పుండు ఉన్నవారికి, లేక వచ్చే ప్రమాదం ఉండి చిక్కిపోయినవారికి, రోజుకు కిలో బరువుకు 1.25 నుండి 1.5 గ్రాములు అవసరమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనగా 60 కిలోల మనిషికి 75 నుండి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

చరిత్ర

రెండవ ప్రపంచయుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవారిలో అధికులు పుండ్లు, మూత్రకోశ వ్యాధుల వలన కొద్దికాలానికే మరణించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ రెండు గంటలకు ఒకసారి పక్క మార్చే పద్ధతిని కఠినంగా అమలుచేసి ఈ దుస్థితిని మార్చాడు. 1954లో కారు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీ నుండే శస్త్రచికిత్సలు చేసి, వెల్లూరులో పునరావాస వైద్యానికి పునాది వేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడింది. సూపర్‌మాన్ పాత్రధారి క్రిస్టఫర్ రీవ్ 2004లో మరణించే నాటికి సూక్ష్మజీవులు సోకిన పడక పుండుకు చికిత్స పొందుతున్నాడు. ధనానికి, సేవకులకు కొదువలేని మనిషి ఆయన.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో, పక్షవాతంతో మంచానికి లేక చక్రాల కుర్చీకి పరిమితమైనవారి పింఛనును నెలకు 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచింది.