అమెరికా విశ్వవిద్యాలయముల క్రీడాకూటములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశ్వవిద్యాలయముల ఆటలకు గల ఆదరణ మన దేశపు బాలబాలికలకు వింతగా తోచును. శరదృతువున శనివారము వచ్చినదనిన, అచటి పెద్ద క్రీడాప్రాంగణములలో కొన్నింటికి లక్షమందికి పైగా జనము చేరుదురు. వారు చూడవచ్చునది కళాశాల విద్యార్థుల ఆటను. ఆట పేరు ఫుట్‌బాలే గాని, అది మనమెరిగిన ఫుట్‌బాలు కాదు. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి, ఎదిరిపక్షమువారిని త్రోసికొనుచు ముందునకు సాగెడి ఆట అది.

ఈ పోటీలను నడపుకొనుటకై అచటి విశ్వవిద్యాలయములు కూటములుగా ఏర్పడినవి. వీనిని కాన్ఫరెన్సులందురు. ఒక కూటమిలోని జట్లు ఏటేట తమలో తాము పోటీపడి విజేతను నిర్ణయించుకొనును. వచ్చిన ఆదాయమును పంచుకొనును.

మొదట ఈ కూటములు ధనము కొరకు పుట్టినవి కావు. 1895లో చికాగో నగరమున ఏడు విద్యాసంస్థల అధ్యక్షులు సమావేశమైరి. ఆ దినములలో కొన్ని జట్లు చదువుతో సంబంధము లేని బలాఢ్యులను కూలికి తెచ్చి ఆడించుచుండెడివి. నిజముగా చదువుకొను విద్యార్థియే ఆడవలెనని ఆ పెద్దలు కట్టడి చేసిరి. మరుసటి యేట ఏర్పడిన కూటమికి కాలక్రమమున ‘బిగ్ టెన్’, అనగా ‘పెద్ద పది’, అను పేరు స్థిరపడెను. పడమట పసిఫిక్ తీరమున 1915లో కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగన్ విశ్వవిద్యాలయములును, ఆరెగన్ వ్యవసాయ కళాశాలయు కలిసి మరియొక కూటమిని స్థాపించినవి. ఆ వ్యవసాయ కళాశాలయే నేటి ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయము. ఆ పడమటి కూటమి 1959లో విచ్ఛిన్నమై, మరల కూడుకొని, క్రమముగా పెరిగి, 2011లో 12 మంది సభ్యులతో ‘పాక్-12’ అయ్యెను. అన్ని క్రీడలలోను కలిపి దీని సభ్యులు గెలిచిన జాతీయ విజయములు 500కు మించినవి.

రైళ్ల కాలమున జట్టు పోయి, ఆడి, మరల తరగతులకు చేరుకొనగల దూరమే చాలవరకు కూటమికి హద్దుగా ఉండెను. కావున సభ్యులు ఇరుగుపొరుగు వారే. పొరుగువారి నడుమ పోటీకి పట్టుదల హెచ్చుగదా! ఆరెగన్ విశ్వవిద్యాలయమున్న యూజీనునకును, ఆరెగన్ స్టేట్ ఉన్న కార్వాలిస్‌నకును నడుమ దూరము సుమారు 40 మైళ్లు. ఈ రెండు జట్లు 1894 నుండియు తలపడుచున్నవి. ఒకే ఇంటిలో అన్న ఒక పక్షమునకును, తమ్ముడు వేరొక పక్షమునకును జేకొట్టుట ఆ ప్రాంతమున వింత కాదు.

ఈ హద్దులను చెరిపివేసినది టెలివిజన్. చిరకాలము ఏ ఆటను ఎన్నిమారులు చూపవచ్చునో జాతీయ కళాశాలా క్రీడాసంఘమే శాసించుచుండెను. ప్రసారములు పెరిగినచో జనము ప్రాంగణములకు రారని దాని భయము. 1982 నాటి నిబంధనల ప్రకారము ఒక జట్టు రెండేండ్లలో ఆరుమారులకు మించి టెలివిజన్‌లో కనబడరాదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు న్యాయస్థానమున కెక్కినవి. ఇట్టి కట్టడి వ్యాపార స్వేచ్ఛకు విరుద్ధమని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అది మొదలు ప్రసారహక్కులను కూటములే అమ్ముకొనసాగినవి. ఎక్కువ ఇండ్లలో ఏ జట్టు ఆటను చూతురో ఆ జట్టునకు విలువ పెరిగెను. పెద్ద నగరములలోని విశ్వవిద్యాలయములను చేర్చుకొనుటకు కూటములు పోటీపడెను. 1914 నాటి నైరృతి కూటమి 1996లో అంతరించెను. బిగ్ టెన్ తూర్పు సముద్రమువరకు విస్తరించెను.

2022 జూన్ మాసాంతమున లాస్ ఏంజెలిస్ నగరపు రెండు విశ్వవిద్యాలయములు పాక్-12ను వీడి బిగ్ టెన్‌లో చేరుదుమని ప్రకటించినవి. ఆ ఆగస్టులో బిగ్ టెన్ ఏడేండ్ల ప్రసారహక్కులను అమ్ముకొనగా, ఆ మొత్తము 700 కోట్ల డాలర్లకు పైబడినదని పత్రికలు వ్రాసినవి. పాక్-12కు అట్టి బేరము కుదరలేదు. 2023 జూలైలో కొలరాడో వెడలిపోయెను. ఆగస్టు 4వ తేదీన, ఒక్కనాటిలో, ఐదు విశ్వవిద్యాలయములు వీడ్కోలు చెప్పినవి. వానిలో ఆరెగన్, వాషింగ్టన్‌లు బిగ్ టెన్‌నకు పోయినవి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డును, కాలిఫోర్నియాయు అట్లాంటిక్ తీర కూటమిలో చేరినవి. పసిఫిక్ సముద్రము ఒడ్డునుండి అట్లాంటిక్ తీరవాసులగుట భూగోళశాస్త్రమునకు అందని సంగతి! పైగా, తొలి ఏడేండ్లు ప్రసార ఆదాయమున వానికి లభించునది పూర్తి వాటాలో 30 శాతమే. 2024 నాటికి ‘పెద్ద పది’లో సభ్యులు 18 మంది. పేరు మాత్రము మారలేదు.

వెళ్లినవారి వాదమును త్రోసివేయరాదు. ఫుట్‌బాలు రాబడియే ఈత, కుస్తీ మున్నగు ఆటలను పోషించుచున్నది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖ క్రీడావిభాగమునకు 2021తో ముగిసిన మూడేండ్లలో 10 కోట్ల డాలర్లకు మించిన లోటు ఏర్పడియుండెను. అయినను ఆ ఈతగాండ్రును, ఆ కుస్తీవారును ఏమి చెల్లించవలసి వచ్చినది? ఫుట్‌బాలు జట్టు వారమునకొక ఆట ఆడును. బాస్కెట్‌బాలు, వాలీబాలు ఆడువారు వారమున రెండుమారులైనను ఆడవలసియుండును. లాస్ ఏంజెలిస్‌నకును న్యూజెర్సీకిని నడుమ సుమారు 4,000 కిలోమీటర్లు. గడియారములలో మూడు గంటల వ్యత్యాసము. విమానమున పాఠము చదువుకొని, నిద్రమొగముతో పరీక్షకు కూర్చుండవలసినవాడు విద్యార్థియే. సోదర శాఖయైన బర్క్లీ నష్టపోయినందున, లాస్ ఏంజెలిస్ శాఖ దానికి మూడేండ్లపాటు ఏటికి కోటి డాలర్లు ఇయ్యవలెనని పాలకమండలి 2024లో నిర్ణయించెను.

ఎవ్వరును పిలువక మిగిలిపోయినవి రెండు: కార్వాలిస్‌లోని ఆరెగన్ స్టేట్, గోధుమపొలముల నడుమ పుల్‌మన్ అను చిన్న ఊరిలోని వాషింగ్టన్ స్టేట్. వాని ఆటలో లోపము లేదు. వాని ఊళ్లు చిన్నవి. అవి రెండును కూటమి సొత్తుపై అధికారము తమదేనని దావా వేసినవి. 2023 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు వారికి అనుకూలమైన తీర్పును నిలిపియుంచెను. 12 మంది ఇల్లు ఇద్దరితో నిలిచెను. 2024లో బోయిసీ స్టేట్, శాన్ డియేగో స్టేట్ మున్నగునవి 2026 నుండి ఆ కూటమిలో చేరుటకు అంగీకరించినవి.

పాత పొరుగువారితో పోటీలు మాత్రము కూటమితో నిమిత్తము లేకయే సాగినవి. 2024 సెప్టెంబరు 14వ తేదీన రెండు పోటీలును ఒకేనాడు జరిగినవి. కార్వాలిస్‌లో ఆరెగన్ జట్టు 49-14 తో ఆరెగన్ స్టేట్‌ను ఓడించెను. సియాటిల్ నగరమున జరిగిన రెండవ పోటీలో వాషింగ్టన్ జట్టు ఆట ముగియవచ్చు వేళ గీత చెంతకు చేరి కూడ దాటజాలక నిలిచిపోయెను. పుల్‌మన్ జట్టు 24-19 తో గెలిచెను.