వాన లెక్క: ఉపగ్రహం, వర్షమాపకం

ఉప్పల్‌లో వాన దంచికొట్టిన రోజు పక్కనున్న నాచారంలో నేల తడవకపోవచ్చు. కనుక ఒకచోటి వర్షమాపకం లెక్క మరోచోటికి సరిపోదు. మెట్ట ప్రాంతాలలో మాపకాలు దూరదూరంగా ఉంటే ఈ చిక్కు మరింత ఎక్కువ.

ఈ లోటును ఉపగ్రహాలు కొంత తీరుస్తాయి. 2024 ఫిబ్రవరిలో మన దేశం ప్రయోగించిన ఇన్సాట్-3డీఎస్ మేఘాల పైభాగపు చల్లదనాన్ని కొలుస్తుంది. మేఘం ఎంత చల్లగా ఉంటే వాన అంత ఎక్కువని అంచనా. కాని పొడి గాలిలో చినుకులు నేల చేరకముందే ఆవిరైపోవచ్చు. అప్పుడు లెక్కలో వాన ఉంటుంది, చేలో ఉండదు.

పాలను కంటితో చూసి వెన్న శాతం చెప్పలేము కదా! అలాగే ఉపగ్రహపు అంచనాను నేలమీది కొలతతో పోల్చి, తేడా మేరకు చుట్టుపక్కల లెక్కలనూ సరిచేస్తారు. భారత వాతావరణ శాఖ ఈ రెండింటినీ కలిపి రోజువారీ వర్షపాత పటాలు తయారుచేస్తున్నది.

ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్ల నీరు. 10 మి.మీ. తప్పితే 40,000 లీటర్లు తప్పినట్లే! కనుక పశుగ్రాసపు జొన్న విత్తేముందు పటం చూడండి, మట్టి తవ్వి పదునూ చూడండి. సంఘం ఆవరణలో వర్షమాపకం ఉంటే రోజూ ఉదయం 8.30కి కొలిచి రాసిపెట్టండి.