చేసి నేర్చుకునే పిల్లలు: తరగతి గదిలో తోడ్పాటు

1. పరిచయం

పాఠం జరుగుతున్నంతసేపూ కుదురుగా కూర్చోలేక, చేతికి పని ఇస్తే మాత్రం ఇట్టే చేసి చూపించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. స్పర్శ, కదలిక, స్వయంగా చేయడం ద్వారా నేర్చుకోవడానికి ఇష్టపడే వీరిని కైనెస్థెటిక్ అభ్యాసకులు అంటారు. నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ 1992లో ప్రతిపాదించిన 'వార్క్' నమూనాలోని నాలుగు రీతుల్లో ఇది ఒకటి. మిగిలినవి దృశ్య, శ్రవణ, పఠన-లేఖన రీతులు. ఇలాంటి పిల్లలకు ఎలా తోడ్పడాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. ఒక ఉదాహరణ: గుంట భూమి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో భూమి లెక్క ఎకరాలు, గుంటల్లోనే చెబుతారు. బోధనాభ్యాసాన్ని పరిశీలించడానికి ఎల్లారెడ్డి దగ్గరి ఒక పాఠశాలకు వెళ్ళినప్పుడు ఏడో తరగతి గణిత పాఠం చూశాను. చతురస్ర వైశాల్య సూత్రాన్ని పిల్లలంతా తప్పులేకుండా అప్పజెప్పారు. "భుజం రెట్టింపు చేస్తే వైశాల్యం ఎంతవుతుంది?" అని అడిగితే అందరూ "రెట్టింపు" అన్నారు. వెనక బెంచీలో ఒక అబ్బాయి అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు. నా పరిశీలన పుస్తకంలో అతని గురించి "శ్రద్ధ లేదు" అని రాశాను.

మరునాడు అదే పాఠాన్ని ఛాత్రోపాధ్యాయుడి చేత ఆటస్థలంలో చెప్పించాను. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 33 అడుగుల భుజం గల చతురస్రం. పిల్లలు తాడుతో కొలిచి సున్నంతో హద్దులు గీశారు. హద్దు వెంట నడిచి, చుట్టుకొలత 132 అడుగులని రాసుకున్నారు. అడుగు భుజం గల కాగితపు ముక్కలను ఒక అంచు వెంట 33 పేర్చి, అలాంటి వరసలు 33 పడతాయని తేల్చి, వైశాల్యం 1,089 చదరపు అడుగులని లెక్కగట్టారు. తర్వాత భుజాన్ని 66 అడుగులకు పెంచి, లోపల మళ్ళీ గుంటలు గీయమన్నాం. సున్నం డబ్బా పట్టుకున్న ఆ అబ్బాయే ముందుగా, "రెండు కాదు సార్, నాలుగు గుంటలైతది!" అన్నాడు. నేను రాసిన మాట కొట్టేశాను.

3. ఇందులోని సూత్రం

జెరోమ్ బ్రూనర్ 1966లో వివరించినట్లు, జ్ఞానాన్ని క్రియ, చిత్రం, సంకేతం అనే మూడు రూపాల్లో గ్రహిస్తాం. ఇక్కడ నడక చుట్టుకొలతను, కాగితాల పరుపు వైశాల్యాన్ని చూపాయి. సూత్రాన్నే చప్పట్లు కొడుతూ పాడించి ఉంటే కదలిక ఉండేది కాని వైశాల్యం అర్థమయ్యేది కాదు. చేసే పనిలోనే భావన ఉండాలి.

4. జాగ్రత్త

"శ్రద్ధ లేదు" అన్న ముద్ర తీసేసి, "వీడు చేతులతోనే నేర్చుకుంటాడు" అన్న మరో ముద్ర వేయకూడదు. పిల్లలను రీతులవారీగా విడదీసి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, ఆయన సహపరిశోధకులు 2008లో తేల్చారు. ఆ ముద్ర పడిన పిల్లవాడికి చదవడం, రాయడం తగ్గించి మొక్కలకు నీళ్ళు పోయించే పనులు అప్పగిస్తే, మనం అతనికి చదువునే దూరం చేసినట్లు. కృత్యం అందరికీ కావాలి, రాత కూడా అందరికీ కావాలి.

5. పాటించవలసినవి

• కృత్యానికి ముందు జవాబును ఊహించి రాయమనండి.
• ప్రతి జట్టులో కొలిచేవారు, గీసేవారు, రాసేవారు ఉండాలి. పనులు మార్చుతూ ఉండాలి.
• నడవలేని పిల్లలకు తాడు కొస పట్టుకోవడం, కొలతలు సరిచూడడం వంటి ముఖ్యమైన పాత్ర ఇవ్వండి.
• స్థలం చాలకపోతే అడుగుకు బదులు అంగుళం తీసుకుని నేల మీద గీయించండి.
• చివర పది నిమిషాలు చేసినదాన్ని బొమ్మగా, తర్వాత సూత్రంగా నోటు పుస్తకంలో రాయించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు గల భూమి ఎన్ని గుంటలు? గుంటతో పోలిస్తే దాని చుట్టుకొలత కూడా రెట్టింపవుతుందా? దీన్ని పిల్లల చేత ఎలా కనుగొనేలా చేస్తారు?
2. మీ బోధనాంశం నుంచి ఒక భావనను ఎంచుకుని, దానికి తగిన కృత్యాన్ని రూపొందించండి. అందులోని కదలిక ఆ భావనను ఎలా చూపుతుందో రెండు వాక్యాల్లో రాయండి.