అక్వేరియం మొక్కల ఎరుపు: రెండు వర్ణద్రవ్యాలు, రెండు పోషణ విధానాలు

అక్వేరియంలోని ఎర్ర మొక్కలు పచ్చబారితే ఇనుము పెంచమనీ, నైట్రేట్ తగ్గించమనీ సాధారణంగా సలహా ఇస్తారు. ఈ సలహా అన్ని మొక్కలకూ ఒకే విధంగా వర్తించదు. ఎరుపును కలిగించే వర్ణద్రవ్యం అన్నింటిలోనూ ఒకటి కాకపోవడమే దీనికి కారణం.

ఆసియాకు చెందిన రొటాలా రొటుండిఫోలియాలో ఎరుపునకు మూలం ఆంథోసయనిన్. దీని అణువులో నత్రజని ఉండదు. తీవ్రమైన కాంతిలో నైట్రేట్ కొంత తగ్గినప్పుడు పెరుగుదల మందగిస్తుంది. మిగులు చక్కెరలు ఈ వర్ణద్రవ్యం తయారీకి మళ్లి ఆకులు ఎర్రబడతాయి.

దక్షిణ అమెరికాకు చెందిన ఆల్టర్నాంథెరా రైనెకీ మన పొన్నగంటికూర ప్రజాతిలోనిదే. ఎర్ర తోటకూరలో వలెనే దీని ఎరుపు బీటాలెయిన్‌ల వల్ల కలుగుతుంది. బీటాలెయిన్ అణువులో నత్రజని అంతర్భాగం. కనుక నైట్రేట్ కొరత దీనికి రంగు తెచ్చే మార్గం కాదు, మొక్కను కృశింపజేస్తుంది.

ఇనుము ఈ రెండు వర్ణద్రవ్యాలలోనూ భాగం కాదు. పత్రహరితం ఏర్పడటానికి అది అవసరం. కొరవడితే లేత ఆకులు పాలిపోతాయి. అవసరాన్ని మించి వేసినంత మాత్రాన ఎరుపు పెరగదు. తగినంత కాంతి, నిలకడైన కార్బన్ డయాక్సైడ్ సరఫరా మాత్రం రెండింటికీ ఆవశ్యకం.

కాబట్టి పోషకాలను మార్చే ముందు మొక్క ఏ కుటుంబానికి చెందినదో గుర్తించాలి. రెండూ ఒకే తొట్టిలో ఉన్నప్పుడు నైట్రేట్‌ను పూర్తిగా తొలగించక, కాంతిని సవరించుకోవడమే క్షేమం.