పొగ ఆపితే ఉబ్బసం మందు పనిచేస్తుంది

‘‘ఇన్‌హేలర్ రెండు పూటలా పీలుస్తున్నానండి. థియోఫిలిన్ మాత్రా వేసుకుంటున్నా. అయినా రాత్రిళ్లు పిల్లికూతలు ఆగట్లేదండి. ఇంకో మందేదైనా కలపండి’’ అని ఐనవిల్లి నుంచి వచ్చిన ఒకాయన ఓపీలో అడిగారు. పొగ తాగుతారా అంటే ‘‘రోజుకు రెండు చుట్టలేనండి’’ అన్నారు. పక్కనున్న భార్య ‘‘ఐదండి’’ అని సరిదిద్దారు. లంక పొగాకు పండే గోదావరి సీమలో ఇది మాకు కొత్తేమీ కాదు.

ఉబ్బసానికి అసలు మందు స్టిరాయిడ్ ఇన్‌హేలర్. ఇది శ్వాసనాళాల్లో వాపును తగ్గిస్తుంది. కానీ పొగ తాగేవారిలో దీని ప్రభావం తగ్గిపోతుంది. అలాగని దీన్ని మానెయ్యకూడదు. దీనికి తోడుగా మరో మందు కలుపుతాం.

ఏ మందు ఎలా?

* ఫార్మోటెరాల్: బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుంది. సాధారణంగా ముందు కలిపేది ఇదే. స్టిరాయిడ్‌తో కలిపి ఒకే ఇన్‌హేలర్‌గా దొరుకుతుంది. ఉబ్బసంలో దీన్నొక్కదాన్నే వాడటం ప్రమాదం.

* టయోట్రోపియం: అప్పటికీ అదుపులోకి రాకపోతే దీన్ని జోడిస్తాం. నోరు ఎండిపోవచ్చు. ప్రోస్టేట్ ఉబ్బు, నీటికాసులు ఉన్నవారు ముందే చెప్పాలి.

* మాంటెలుకాస్ట్: కొందరు పొగరాయుళ్లకు కాస్త మేలు చేస్తుంది. నిద్ర చెడటం, దిగులు వంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరికే చేసింది.

* థియోఫిలిన్: స్టిరాయిడ్ ఇన్‌హేలర్‌కు తోడుగా తక్కువ మోతాదులో కొందరికి ఉపయోగపడుతుంది. అయితే పొగ తాగేవారి కాలేయం ఈ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. పొగ మానేస్తే పాత మోతాదే ఎక్కువైపోయి వాంతులు, గుండెదడ, ఫిట్స్ కూడా రావొచ్చు.

అన్నింటికన్నా పెద్ద మందు

పొగ మానటం! గ్లాస్గోలో 2006లో వెలువడిన ఓ చిన్న అధ్యయనంలో ఆరు వారాలు పొగ మానిన ఉబ్బస బాధితులు, మానని వారికన్నా తొలి సెకనులో సుమారు 400 మి.లీ. గాలి ఎక్కువగా వదలగలిగారు. పైన చెప్పిన తోడు మందులతో ఇంత లాభం అరుదు. మానటం కష్టమైతే 1800-112-356కు ఫోన్ చేయండి. ఇది జాతీయ క్విట్‌లైన్, ఉచితం.

నలబై దాటిన పొగరాయుళ్లు ఒకసారి స్పైరోమెట్రీ కూడా చేయించుకోవాలి. ఉబ్బసంతో పాటు సీఓపీడీ కూడా ఉండొచ్చు.

‘‘ఇవాళే మానేస్తానండి’’ అన్నారాయన. సంతోషమే. థియోఫిలిన్ మోతాదు అప్పుడే తగ్గించి, వారంలో మళ్లీ రమ్మన్నాను.