“బాగున్నది” యన్న చాలునా?

సోదరీమణులారా! ఇంటిలో నెవరైనను క్రొత్త పిండివంట చేసి మన చేతిలో బెట్టి “ఎట్లున్నది?” అని యడిగినప్పుడు మనము తఱచుగా “బాగున్నది” అందుము. ఆ మాటలో రుచి యెంత, మర్యాద యెంత యన్న సంగతి వండినవారికి తెలియకపోదు. ఉప్పు తగ్గినదనియో, పాకము ముదిరినదనియో చెప్పగల నోరే వారికి మేలు చేయును. వంటలో మన కీ నేర్పు తల్లులనుండి వచ్చినది. కాని నేడు మన పిల్లలు వేఱొక వంటకమును దెచ్చి మన ముందుంచుచున్నారు. వీడియో ఆటలలోని సంగీతమును దీసికొని, తమకు దోచినట్లు మార్చి, కంప్యూటరుపై క్రొత్తగా గూర్చిన పాట యది. దీనినే వారు రీమిక్సు అందురు. దానిని విని యేమి చెప్పవలెనో మనలో ననేకులకు తెలియదు. మాకును తెలియలేదు.

గత వేసవిలో మేము మా యక్కగారి యింటికి బోయియుంటిమి. ఆమె కుమార్తెకు పదునేడేండ్లు. చిన్ననాటినుండి వీణ నేర్చుచున్నది. ఒకనాటి సాయంకాలము మేము కూరలు తఱుగుచుండగా ఆ బాలిక వచ్చి, హెడ్‌ఫోనును మా చెవులకు దగిలించి, “పిన్నీ, ఇది నేను కూర్చినది. విని యెట్లున్నదో చెప్పవా?” అని యడిగెను. మూడు నిమిషముల పాట. మేము చేతిపని మానలేదు. పాట ముగియగానే “చాల బాగున్నదమ్మా” అంటిమి. “ఏది బాగున్నది, పిన్నీ?” అని యామె మరల నడిగెను. మాకు మాట తోచలేదు. ఆమె చిన్నగా నవ్వి, హెడ్‌ఫోను దీసికొని వెడలిపోయెను.

తరువాత రెండు నెలలవఱకు ఆ బాలిక తన కూర్పులను ఇంటిలో నెవ్వరికిని వినిపింపలేదని మా యక్కగారు చెప్పగా మా మనసు చివుక్కుమన్నది. దూషించి పిల్లల యుత్సాహమును చంపువారిని మేము చూచియుంటిమి. వినకయే పొగడినను అదే ఫలము గలుగునని నాడు తెలిసికొంటిమి. పిమ్మట ఆ సంగీతమును గూర్చి కొంత చదివి, కొంత విని, గ్రహించిన దానిని మీ ముందుంచుచున్నాము.

ఈ సంగీతమెట్టిది?

ఆటల సంగీతమని దీనిని చులకన చేయరాదు. జపానుదేశమున నింటెండో సంస్థవారు 1983లో ఫామికామ్ అను ఆటయంత్రమును వెలువరించిరి. అందు ధ్వనికి ఐదు పాయలు మాత్రమే యుండెను. రెండు పాటవరుసకు, ఒకటి మంద్రస్వరములకు, ఒకటి తాళపు రొదకు, ఒకటి చిన్న ముద్రితధ్వనులకు వాడుచుండిరి. ఆ యంత్రమునకై 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అను ఆట యంతయు 40 కిలోబైట్లలో నిమిడినది. నేడు మన ఫోనుతో దీసిన ఒక్క ఫోటోయే అంతకంటె ననేక రెట్లు చోటు దీసికొనును. అంత యిఱుకు చోట కోజి కోండో అను స్వరకర్త కూర్చిన వరుసను లోకము నేటికిని కూనిరాగముగా దీయుచున్నది. 2023లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వారు దానిని తమ జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో జేర్చిరి.

ఈ విద్యలో స్త్రీలు వెనుకబడినవారు కారు. 1984లో వచ్చిన టవర్ ఆఫ్ డ్రువాగా అను ఆటకు జుంకో ఒజావా సంగీతము కూర్చెను. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 అను ఆటలోని వరుసలలో నధికభాగము యోకో షిమొమురా కూర్చినవి. ఆటల సంగీతమునకై గ్రామీ బహుమానములలో ప్రత్యేకముగ నొక విభాగము నేర్పఱచి 2023లో మొట్టమొదటిసారి యిచ్చినప్పుడు దానిని బడసినది స్టెఫనీ ఎకానొమూ అను మహిళ.

మా బాలిక యెన్నుకొన్నది 1989లో గేమ్ బాయ్ యంత్రముతో వచ్చిన టెట్రిస్ ఆటలోని వరుస. అది యా యాటకై పుట్టినది కాదు. కొరోబెయినికి యను పేరుగల రష్యా జానపదగీతము. ఊరూర దిరిగి సరకులమ్ముకొను వర్తకుని గూర్చినది. జపానులో హిరొకాజు తనాకా దానిని ఆ చిన్న యంత్రమున కనుకూలముగ మార్చెను. దాని స్వరములు మన నఠభైరవికి దగ్గఱగ నుండును. అందుచేతనే వీణపై నా బాలిక వ్రేళ్లు దానిని సులభముగ బట్టుకొన్నవి. రష్యా పల్లెనుండి జపాను యంత్రమునకును, అచ్చటినుండి తెలుగింటి వీణకును వచ్చిన యా పాట యెన్ని చేతులు మాఱినదో చూడుడు!

పాట మాఱుట మనకు క్రొత్త గాదు. కీర్తన యొక్కటియే యైనను పాడువారు దానికి సంగతులు వేయుదురు. సంగతులెన్ని వేసినను కీర్తన యిది యని శ్రోత గుర్తింపవలెను. పాడువారి సొంత ప్రతిభయు నందు గానరావలెను. రీమిక్సునకు నిదియే ధర్మము. మక్కికి మక్కిగా దింపి వాద్యములు మాత్రము మార్చిన నది కూర్పు కాదు. మూలమును బొత్తిగా విడిచిన నా పేరు పెట్టుకొన బనిలేదు. ఇట్టి కూర్పులకై 1999లో వెలసిన ఓవర్‌క్లాక్‌డ్ రీమిక్స్ అను సంస్థలో పరీక్షకులు ఈ రెండు విషయములను జూచి, స్వీకరించినను నిరాకరించినను కారణములు వ్రాసి తెలుపుదురు. ఆ కారణములే నేర్చుకొనువారికి పాఠములు.

ఎట్లు వినవలెను?

మొదట మూలమును వినవలెను. అది తెలియనిదే పిల్లలు దేనిని మార్చిరో తెలియదు. పిమ్మట కూర్పును, చేతిపని మాని, ఒకసారి కేవలము వినుటకే వినవలెను. రెండవసారి కాగితము దగ్గఱ బెట్టుకొని, ఏ నిమిషమున ఏ సెకనున ఏమి తోచినదో వ్రాసికొనవలెను. ఒకసారి హెడ్‌ఫోనుతోను, ఒకసారి ఫోనులోని చిన్న స్పీకరుతోను విన్నచో నొకదానిలో మఱుగుపడినది వేఱొకదానిలో బయటపడును. రెండు కూర్పులను బోల్చునప్పుడు ధ్వని సమానముగ నుంచుకొనవలెను. ఎక్కువ బిగ్గరగ వినబడునది మేలైనదని మన చెవి భ్రమపడును.

క్రొత్తగా గూర్చువారి పాటలలో సాధారణముగ గనబడు లోపము లివి. ఆటలోని వరుస ఆడువారు విరమించువఱకు మరల మరల దిరుగుచుండును గాన దానికి ముగింపు తఱచుగా నుండదు. కూర్చువారే ముగింపును గల్పింపవలెను. లేనిచో పాట తెగిన దారమువలె నుండును. ఒకే భాగము మార్పులేక మూడు నాలుగుసార్లు వచ్చుట రెండవది. కంప్యూటరులో వ్రాసిన స్వరములన్నియు నొకే బలముతో, గడియారపు ముల్లువలె బడుట మూడవది. మృదంగము వాయించువాడు ప్రతి దెబ్బను ఒకే బరువుతో వేయడు గదా! ఒకే స్థాయిలో మ్రోగు వాద్యము లొకదాని నొకటి కప్పివేయుట నాలుగవది. నలుగురొక్కసారి మాటలాడిన నెవరి మాటయు వినబడనట్లే యిదియును. అచ్చట నొకరి గొంతు పెంచుటకంటె నింకొకరి గొంతు తగ్గించుట మేలు. ధ్వనికి గంప్యూటరులో నొక హద్దు గలదు. దానిని దాటించినచో తరంగముల శిఖరములు కోసుకొనిపోయి చెవికి గరకుగ దగులుట యైదవది.

ఎట్లు చెప్పవలెను?

సంగీతజ్ఞానము లేనివారు చెప్ప దగరని యెంచవలదు. “ఇచ్చట మా మనసు పాటను విడిచి వేఱొకచోటికి బోయినది” యను మాట యేపాటి శ్రోతయైన జెప్పవచ్చును. కూర్చినవారి కది విలువైన సాక్ష్యము. తాము నూఱుసార్లు విన్న పాటను మొదటిసారి విన్న చెవితో వారు వినజాలరు. ఆ చెవిని మనమే యెరువీయవలెను.

బాగున్నదానిని గూడ తావు చూపి చెప్పవలెను. అది ముఖస్తుతికై కాదు. మంచిభాగ మేదో తెలియనిచో దిద్దునప్పుడు దానినే తీసివేయుదురు. లోపములు పది తోచినను రెండే చెప్పవలెను. రుచికిని లోపమునకును భేద మెఱుగవలెను. “మాకు డప్పులు నచ్చవు” అనుట మన రుచి. “డప్పులు వచ్చినచోట వీణ వినబడలేదు” అనుట వారికి బనికివచ్చు మాట. పొరుగింటి పిల్లవానితో బోల్చుటయు, “దీనివలన మార్కులు వచ్చునా?” అని యడుగుటయు అభిప్రాయములు కావు. అవి తలుపు మూయుటలు.

దసరాకు మరల మా యక్కగారి యింటికి బోయినప్పుడు, ఆ పాటను మరల వినిపింపుమని మేమే యడిగితిమి. బాలిక కొంత తటపటాయించి వినిపించెను. మేము రెండుసార్లు విని, కాగితము చూచి మూడు మాటలు చెప్పితిమి. మొదట వీణ యొంటరిగ వచ్చినచోట గమకములతో నా పరదేశపు వరుస మన యింటి పాటవలె నైనదనియు, దానిని ముట్టుకొనవద్దనియు జెప్పితిమి. 1 నిమిషము 10 సెకనుల యొద్ద డప్పులు ప్రవేశించిన పిమ్మట వీణ మాకు వినబడలేదంటిమి. తుదిలో పాట ఠక్కున తెగిపోయినదంటిమి.

“డప్పులు తగ్గించిన పాటలో నూపు పోవును, పిన్నీ” అని యామె యొప్పుకొనలేదు. మేము వాదింపలేదు. ఆమె కంప్యూటరు ముందు గూర్చుండి ఒక్కొక వాద్యమునే యాపి వినసాగెను. కొంతసేపటికి “దొంగ దొరికినాడు!” అని కేక వేసెను. వీణను గప్పినవి డప్పులు కావు. వానితోబాటు మ్రోగుచుండిన వయొలినుల గుంపు. దానిని దగ్గింపగా డప్పు డప్పుగనే యుండి వీణ తేటగ వినవచ్చెను. మేము చెప్పిన కారణము తప్పు. చూపిన తావు మాత్రము సరియైనది. నొప్పి యెచ్చటనో రోగి చెప్పును, కారణము వైద్యుడు వెదకును. శ్రోత పని తావు చూపుటయే. మందు కూర్చినవారి చేతిలోనిది.

తుది మాట మాకింకను బుద్ధి నేర్పినది. “టెట్రిస్‌లో దిమ్మెలు పైవఱకు నిండగానే ఆట ఠక్కున ముగియును గదా! అందుకే యట్లు తెంచితిని” అని యామె చెప్పెను. మేము లోపమనుకొన్న దామె యుద్దేశము! ముందే “ఇచ్చట నీ భావ మేమి?” అని యడుగవలసియుండెను. కాని ఆ యాట నెఱుగని మావంటివారి కది పొరపాటువలె దోచునని మాత్రము చెప్పితిమి. ఆమె యాలోచించి, తుదికి ముందు తాళమును గ్రమముగ ద్వరితము చేసి, దిమ్మెలు మీద బడుచున్నంత తొందర గల్పించి, అప్పుడు తెంచెను. ఈసారి వంటయింటిలోనుండి మా యక్కగారు సైతము “అయ్యో, అయిపోయినదా?” అనిరి. బాలిక ముఖమున వికసించిన సంతోషమును మేము వర్ణింపజాలము.

పాట క్రింద మూల స్వరకర్త పేరును, రష్యా గీతము పేరును వ్రాయుమని మాత్రము మేము చెప్పితిమి. ఆమె సంతోషముగ వ్రాసెను. ఎరువు దెచ్చిన బిందె యెవరిదో చెప్పుట మన యిండ్ల మర్యాదయే గదా!

సోదరీమణులారా! మీ పిల్లలు హెడ్‌ఫోను చేతబట్టి మీ యొద్దకు వచ్చిననాడు కత్తిపీట ప్రక్కన బెట్టుడు. మూడు నిమిషములు పూర్తిగ వినుడు. “ఏది బాగున్నది?” అని వారడిగినప్పుడు చూపుట కొక్క తావైన మీ వద్ద నుండవలెను. వారు పేరుపొందిన స్వరకర్తలగుదురో కారో యెవరు చెప్పగలరు? కాని తాము చేసిన పని నొకరు శ్రద్ధగ విన్నారను నమ్మకము వారికి గలిగినచో, రేపటి కూర్పునుగూడ మన యొద్దకే తెత్తురు. ఆ రాక నిలుపుకొనుట మన చేతిలోనిదే.